నూటికి నూరు

కాగితం మీద ఐదు పేర్లు, ఐదు ఖాళీలు.
కింద ఒక అడ్డగీత. గీత కింద
ముందే అచ్చయి ఉంది: నూరు.

ఎలా పంచినా సరే, మొత్తం నూరు కావాలని
జడ్జి రెండుసార్లు చెప్పాడు.
నేను బడి వంటశాలలో పనిచేస్తాను.
నాలుగు వందల పళ్లేలకు ఉడికిన బఠాణీ
గరిటె తప్పకుండా వడ్డించగలను.
తప్పును వడ్డించడం ఇదే మొదలు.

తప్పు పెద్దదేం కాదు, మనిషి తలంత.
చక్కెర దుంప.
ఆ రాత్రిది కుళ్లిపోయిందట,
ఈ ఏటి పంటలోంచి ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టారు.
"ఇది సాక్ష్యం కాదు, నమూనా" అన్నారు.
వేళ్లకు ఇంకా మట్టి ఉంది.

మొదటి ఖాళీ ఆర్లో స్వెన్‌బీది.
ముప్ఫై ఏళ్లు మిన్నెసోటాలో ఇంటింటికీ ఉత్తరాలు వేసినవాడు,
కోతల రెండు వారాలూ లారీ తోలుతాడు.
"వెనక తలుపు గొళ్లెం చూశారా?"
"చూశాను."
"చేత్తో పట్టుకుని చూశారా?"
అతను తన అరచేయి వంక చూసుకున్నాడు.
టైపు చేసే అమ్మాయి వేళ్లు ఆగాయి.

రెండోది లోడు నింపిన డెల్బర్ట్‌ది.
"గోడ దాటి జానెడు పోశాను.
ఈ లోయలో పోయనివాడు ఎవడో చూపించండి."

మూడోది హౌగ్‌స్టాడ్ వాళ్ల పొలానిది.
గొళ్లెం విరిగి ఇరవై రోజులు,
గడ్డి మోపులు కట్టే తాడుతో బిగించారు.
కొత్త గొళ్లెం నలభై రెండు డాలర్లు.
టార్పాలిన్ మాత్రం ఉంది. సీటు వెనక,
కొన్న మడత కొన్నట్టే.

నాలుగోది ఫ్యాక్టరీది.
నేల గడ్డకట్టేలోగా తెమ్మంది, రాత్రీ పగలూ తెమ్మంది,
గేటు దగ్గర టన్నుల్లో తూచింది.
దారిలో రాలింది తూకంలోకి రాదు.

ఐదోది సాహ్రా గులేద్‌ది.
చచ్చిపోయినవాళ్లకీ ఒక ఖాళీ ఉంటుందని నాకు తెలీదు.
ముసలివాళ్ల ఆశ్రమంలో నైట్ డ్యూటీ,
రావలసిన మనిషి రాక ఇంకో గంట.
బురద, మలుపు, పదిహేను దుంపలు.
ఉండాల్సిన వేగం కన్నా ఏడు మైళ్లు ఎక్కువట.
ఆ ముక్క చదివినప్పుడు మూడో వరసలో ఆమె భర్త
మోకాలి మీది ఉన్ని టోపీని
లోపలిది బయటికి తిప్పాడు,
మళ్లీ బయటిది లోపలికి.

ఆరుగురం. ఒక కాలిక్యులేటర్.
ముప్ఫై, పది, నలభై, పదిహేను.
తలా పిడికెడు వేసుకుంటూ పోతే
ఐదు మిగిలింది.
"ఆ ఏడు మైళ్లకు ఐదు, చవకే కదా"
ఎవరో అన్నారు, చెడ్డ మనిషేం కాదు,
విరామంలో నాకు కాఫీ తెచ్చిచ్చినాయనే.

అక్టోబరు వస్తే మా దారుల నిండా దుంపలే.
ఎవరం ఆగం. స్టీరింగు కాస్త తిప్పుతాం,
అద్దంలో కూడా చూడం.
ఒక ఏడు నేను ఆగాను.
బాగున్నది ఒకటి ఏరి కుందేళ్లకు పట్టుకుపోయాను.
మిగతావి అక్కడే ఉన్నాయి.
వెనక ఎవరు వచ్చారో తెలీదు.

ఆ ఐదు నాకు రాయండి అందామని నోటిదాకా వచ్చింది.
కాగితంలో ఆరో ఖాళీ లేదు.
"ఆమెకు సున్నా" అన్నాను.
"సున్నా రాయొచ్చా?" అడిగారు.
మనిషిని పంపి జడ్జిని అడిగించాం. రాయొచ్చట.

సాయంత్రం నాలుగింటికి ఐదును పొలానికి కలిపాం.
లెక్క సరిపోయింది. నూటికి నూరు.
టోపీ పెట్టుకుని అతను వెళ్లిపోయాడు,
ఎంత వచ్చిందని ఎవరినీ అడగకుండా.

ఇంటికి వస్తుంటే నా ముందు దుంపల లారీ.
టార్పాలిన్ ఒక మూల ఊడి
గాలికి పటపట కొట్టుకుంటోంది.
హారన్ కొట్టాను. మళ్లీ కొట్టాను.
కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి
ఊపాడు డ్రైవరు,
తెలిసినవాళ్లెవరో
పలకరిస్తున్నారనుకుని.