రెండు గళ్ళ మధ్య

ఈ నేల నాకంటే ఆరేళ్ళే పెద్దది.
అంతకుముందు ఇక్కడ సముద్రం ఉండేది.
కట్ట పోసి, నీళ్ళు తోడి, ఆరబెట్టి
మా నాన్నకు ముప్పై హెక్టార్లు కొలిచి ఇచ్చారు.
దున్నితే ఇప్పటికీ గవ్వలు తేలతాయి.
ఓ ఏడాది పడవ లంగరు తేలితే
నాన్న దాన్ని గేటుకు బరువుగా వేలాడదీశాడు.

అక్టోబరు రెండో వారం. బంగాళదుంపలు తవ్వే యంత్రం
కుక్క ఎముక కొరికినట్టు ఒక్క చప్పుడు చేసి ఆగిపోయింది.
దిగి చూస్తే దుంపల మధ్య, దుంపలాగే బురద పూసుకుని
ఇంకేదో.
చేతిలోకి తీసుకున్నాను.
దుంప ఇంత బరువుండదు. ఇంత చల్లగానూ ఉండదు.

పక్క పొలం ఎవర్ట్ చూసి "పాత ట్రాక్టరుది" అన్నాడు.
అతనికి లోకంలో ప్రతిదీ పాత ట్రాక్టరుదే.
స్కూలు టీచరు హిల్కె బాంబేమోనని ఫోన్ చేసింది.
నీలి వ్యాను వచ్చింది. పసుపు టేపు కట్టారు.
మూడు గంటలు నా పొలంలోకి నేనే పోకూడదు.
చివరికి ఒక కుర్రాడు దాన్ని అరచేతిలో పెట్టుకొచ్చి
"మేడం, ఇది పేలదు" అన్నాడు.
ఏమిటో మాత్రం చెప్పలేదు. అది అతని పని కాదట.

ఏది కాదో చెప్పడానికి ఊరంతా ఉంది.
ఏదవునో చెప్పడానికి సీట్సె ఒక్కడే.

ఎనభై ఒకటి. గ్లైడర్ల క్లబ్బులో నలభై ఏళ్ళు మెకానిక్కు.
వంటింటి బల్ల మీద పాత గుడ్డ పరిచాడు,
వెనిగరు అడిగాడు, పళ్ళ బ్రష్షు అడిగాడు,
కాఫీ ఇస్తే చల్లారబెట్టాడు.
మొదట నేల పోయింది.
తర్వాత సముద్రం, సున్నంలా అంటుకున్న పెంకు పెంకుగా.
తర్వాత పచ్చటి చిలుము.
అడుగున ఇత్తడి.

భూతద్దం కంటికి ఆనించి అంకెలు చదివాడు, ఒక్కొక్కటీ,
పసిపిల్లకు వచ్చిన పళ్ళు లెక్కపెట్టినట్టు.
ఏడు. ఏడు. అడ్డగీత. మూడో ఎనిమిదో, అరిగిపోయింది.
పక్కనే మినప గింజంత వలయం, అందులో ఒక అక్షరం.
"ఇది పరీక్షించి పంపినామె ముద్ర" అన్నాడు.
ఆమె అని నీకెలా తెలుసు?
"మగాళ్ళంతా విమానాల్లో ఉన్నారుగా."

అప్పుడు చెప్పాడు పేరు: ఇంధనం కుళాయి.
ఇంజనుకు ఏ ట్యాంకు నుంచి పెట్రోలు పోవాలో
పైలట్ చేత్తో తిప్పే పిడి.
ఇంతేనా అనిపించింది. కుళాయా.
నా పెరట్లో నాలుగున్నాయి.

ఏ విమానానిది?
"రెండు మూడు రకాలకు ఇదే బిగించేవాళ్ళు."
ఏ దేశానిది?
ఒక పేరు చెప్పబోయి మింగేశాడు,
"కూలినవాటి నుంచి ఊడదీసి అవతలివాళ్ళూ వాడుకునేవాళ్ళు."
ఎవరు నడిపారు?
బ్రష్షు కడగడానికి లేచాడు.

నా మనవడు యోరిట్, తొమ్మిదేళ్ళు, ఊరుకుంటాడా,
పిడి పట్టుకుని తిప్పబోయాడు.
సీట్సె వాడి వేళ్ళ మీద చెంచాతో ఒక్కటేశాడు.
ఈగను కూడా తోలని మనిషి.
"ముందు అది ఎక్కడుందో చూడు."

పిడి ముక్కు ఎడమ ట్యాంకు గుర్తు దాటింది.
కుడి ట్యాంకు గుర్తు చేరలేదు.

కెటిల్ ఈల వేసింది. ఎవరం లేవలేదు.
ఎడమది ఖాళీ. కుడిదాంట్లో ఉంది.
మధ్య దూరం నా బొటనవేలి గోరంత.
"వాడింకా తిప్పుతున్నాడురా," అన్నాడు సీట్సె, యోరిట్‌తో.
వాడు ఏడుపు ఆపి చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

మ్యూజియం వాళ్ళు కాగితం పంపారు.
వస్తువు పేరు: రాశాను.
దొరికిన లోతు: మోచెయ్యంత అని రాసి, కొట్టేసి, నలభై సెంటీమీటర్లు.
యజమాని: నా పేరు రాయబోయి కలం ఎత్తేశాను.
దొరికినప్పటి స్థితి: తెరిచి ఉంది, మూసి ఉంది.
రెండే గళ్ళు. ఒకదాంట్లో టిక్కు పెట్టాలి.
ఆ రెంటికీ నడుమ తెల్లగా మిగిలిన చోట
చిన్న గీత గీశాను.

ఇంకా పద్నాలుగు సాళ్ళు తవ్వాలి.
పడమట మబ్బు పట్టింది.