నాలుగో కొండ

రాయగడ స్టేషన్ రోడ్డులో మా కొట్టు.
బోర్డు మీద ఒడియా పెద్దగా,
తెలుగు దాని చంకలో.

పాణిగ్రాహి మేడమ్ ఫోన్లో ఫొటో తెచ్చారు.
డాబా మీంచి తీసింది, మే నెల కొండ,
మాడిన రొట్టె రంగు.
"సోఫా వెనక గోడకి.
ఒకటే కొండ, నాలుగు అక్రిలిక్ పలకలు, నాలుగు రంగులు.
మా చెల్లి ఇంట్లో ఉన్నట్టు."

సరే.
రాణీ రంగు కొండకి నిమ్మపసుపు ఆకాశం.
చిలకాకుపచ్చ మీద నారింజ.
మూడోది నీలిమందు.
నాలుగోది ఏ రంగుకీ లొంగలేదు,
చివరికి వంగపండు.

పెద్దది చేస్తుంటే వాలు మీద ఒక చుక్క.
ఇంకా పెద్దది చేశాను:
చుక్క తల మీద మోపు.
అడ్డాకులే అయ్యుండాలి.
ఎడమ భుజం ఒరిగి ఉంది,
మా పెద్దమ్మకీ అంతే.

"అబ్బా, ఆ మరక తీసెయ్యండి."

మూడింట్లో తీశాను.
కొండ గుండు కొట్టించుకున్న పిల్లాడిలా నున్నగా.
నాలుగోదాంట్లో చెయ్యాడలేదు.

ఆదివారం నేనూ డిల్లేసూ వెళ్లి బిగించాం.
గోడకి పదహారు కన్నాలు.
పై పొర చర్రున లాగితే
మా ముఖాలు నాలుగు రంగుల్లో కనబడ్డాయి.
ఎండకి వెలిసిపోతాయని
కిటికీకి తెర వేసేశారు మేడమ్.
అసలు కొండ ఆ తెర వెనకాలే.

వారం తిరక్కుండా ఫోన్:
"వంగపండు దానికి ఏదో అంటుకుంది,
ఎంత తుడిచినా పోవట్లేదు."

పైన కాదు మేడమ్,
లోపలుంది.
మోపు బరువు కదా,
నెమ్మదిగా దిగుతుంది.