తాళం

నూట తొంభై ఆరు మెట్లు.
నూట పదో మెట్టు దొప్పలా అరిగిపోయింది,
అందరూ ఆగి ఊపిరి తీసుకునేది అక్కడే.
నేనూ ఆగుతాను.

పైన అలమరలో
ఈ విశ్వవిద్యాలయం గంటలు మోగించినవాళ్ళ పుస్తకాలు.
మొదటిదాంట్లో అంతా డబ్బు లెక్కే:
వైద్య విద్యార్థుల చందా ఇంత,
న్యాయశాస్త్రం వాళ్ళ బాకీ ఇంత.
బీరు కాచే వాన్‌హెల్ ఒక చిన్న గంటకి సరిపడా ఇచ్చి
దానిమీద తన పేరులో ఒక అక్షరం తప్పు పోతపోశారని
పదేళ్ళు పోట్లాడాడు.

నలభై మూడు, నవంబరు.
గొడెలీవ చేతిరాత, పెన్సిలు.
"జర్మన్లు ముప్పై ఆరు గంటలు దించారు.
ఒక్కోదాని నడుముకి తెల్లరంగుతో అంకె.
ఎక్కడైనా నిప్పంటుకుంటే కొట్టమని ఒకటి వదిలేశారు.
పోతూ పోతూ తలుపుకి తాళం వేశారు."

ఆ తాళానికి ఇంకో చెవి ఉందని వాళ్ళకి తెలీదు.

మర్నాడు మామూలు వేళకే ఎక్కి
బల్లమీద కూర్చుని
పిడికిళ్ళతో కర్ర మీటలు కొట్టింది.
తీగలు కదిలాయి. తీగల చివర ఆకాశం.
కటకట, కట, కటకట,
ఎవరో పాత మంచం బిగిస్తున్నట్టు.
రోజూ అదే అరగంట.

ఫిబ్రవరిలో:
"చలి. ఏడో తీగ తెగింది.
కింద రొట్టెల వరుసలోంచి ఎవరో
నేను కొడుతున్నది పోల్చుకుని ఈల వేశారు.
నేను తప్పిన చోట వాళ్ళు తప్పలేదు."

యుద్ధం అయ్యాక ఇరవై తొమ్మిది గంటలు
బొగ్గు పడవలో తిరిగొచ్చాయి.
వాన్‌హెల్ గంట రాలేదు.
తప్పు పేరుతోనైనా సరే, ఎక్కడైనా కనిపించిందా అని
అతని కూతురు రెండు ఉత్తరాలు రాసింది.
ఆ చోట కొత్తది పోశారు, పేరు సరిగ్గానే ఉంది.
శ్రుతే కొంచెం దిగుడు.
అరగదీస్తానన్నవాణ్ణి గొడెలీవ మెట్లు దిగమంది.

ఇప్పుడు గంట గంటకీ మోటారు కొడుతుంది.
పరీక్షల వారం అదీ ఆపమని పిల్లలు అర్జీ పెట్టారు.
ఆపాను.
గంటల నాలుకల కొక్కేలు విప్పి
నా అరగంట నేను కొట్టుకుంటున్నాను.

గొడెలీవ చెవి నా జేబులో ఉంది.
తలుపు ఎప్పుడో మార్చారు, ఇది దేనికీ పట్టదు.

కింద ఎవరూ తలెత్తరు.
చలిగాలి కొడుతున్నా
కిటికీ మాత్రం మూయను.