సా, పా

రెండే వేళ్ళు.
చూపుడువేలు ఆరో తీగ మీద, అయిదో గడిల.
ఉంగరంవేలు పక్కతీగ మీద, ఏడో గడిల.
మిగిలిన తీగల నోర్లు మూసెయ్యాలె.
గంతే.
జబ్బార్ భాయ్ అయిదు నిమిషాల్ల చూపిచ్చిండు,
చాయ్ సల్లారక ముందే.

మిర్యాలగూడల
వడ్లు ఉడికే బాయిలర్ ఎనక
గోనెసంచుల గోదాంల మా ప్రాక్టీసు.
ఈడ సప్పుడు తగ్గియ్యమనేటోడు లేడు.
జల్లెళ్ళు, ఎలివేటర్ బెల్టులు, పొట్టు కక్కే గొట్టం...
మిల్లును మించి వాయిస్తేనే
మాకు మేము ఇనపడ్తం.

ఆంప్ అంటే
పెండ్లి బ్యాండోళ్ళు పారేసిన డబ్బా.
కోను చినిగింది, ఎలుక కొరికిందో, వాన తిన్నదో.
శబ్దం చినుక్కుంటనే బయటికొస్తది.
డిస్టార్షన్ పెడల్ ధర అడిగి
దుకాణంల నుంచి నవ్వుకుంట ఎల్లొచ్చినోళ్ళం,
ఇప్పుడు ఎలుకకే దండం పెడ్తం.

భజనల హార్మోనియం వాయించే సోమలింగం సారు
ఒకనాడు గుమ్మంల నిలవడి చెవి ఒగ్గిండు.
"సా ఉంది, పా ఉంది.
గాంధారం ఏదిరా?
నవ్వో ఏడ్పో చెప్పేది అదే గదా."

పెట్టి చూసినం సారూ.
ఈ చినిగిన కోనుల
మూడో స్వరం వడ్తే అంతా బురద.
తీసేస్తేనే గోడలెక్క నిలవడ్తది.

సారు తలకాయ ఊపిండు,
అవునన్నట్టు గాదు, కాదన్నట్టు గాదు.

తవుడు ఊడ్చే ఈదమ్మత్త
రోజూ రాత్రి షిఫ్టుకు ఎదురొస్తది.
మస్టర్ల ఆమె కొడుకు పేరు
ఇంకా ఎవ్వరు కొట్టెయ్యలే.
"ఎట్లున్నవత్తా?"
"ఉన్న."
మంచిగ, అనదు. బాగలేదు, అనదు.
ఉన్న.
రెండే అక్షరాలు.

మొన్న నర్సింగ్ కర్రలు పైకెత్తిండో లేదో
త్రీఫేజ్ పోయింది.
మిల్లు ఆగింది. ఆంప్ సచ్చింది.
ఇన్నేండ్లల్ల మొదటిసారి
గోనెసంచుల మీద బల్లి ఉరికేది ఇనవడ్డది.
నా చెయ్యి మాత్రం ఆగలే:
ఉత్త తీగ, చీమ నడిచినంత సప్పుడు,
సా, పా.

చీకట్ల
చీపురు నేలకు ఆనిన అలికిడి.
కనుబొమ్మల మీద తవుడు దుమ్ముతోని
ఎప్పుడొచ్చి నిలవడ్డదో.

"ఆపినవెందుకు బిడ్డా.
గదే కొట్టు."

కరెంటు వచ్చేదాకా
గదే కొట్టిన.