నలభై ఒకటో వ్యాగను

కంచరపాలెం రైలు గోడ పక్కన
ఒకప్పుడు రేషను బియ్యం దాచిన హాలు మాది.
ఇప్పటికీ గుంజీకి దిగితే
నేల నించి గోనె వాసన లేస్తుంది.
ఇనప రాడ్లకి సముద్రం తుప్పు పూస్తుంది,
ఆదివారాలు మేం గరుకు కాగితంతో గీకుతాం.

ఐదుంబావుకి తలుపు.
ఒక్క నిమిషం దాటినా గుమ్మం బయటే ఇరవై గుంజీళ్ళు,
కోచ్ సూరిదేముడికి మొహమాటం లేదు.
అతని లెక్క ఒక్కటీ నమ్మకూడదు.
ఎనిమిది, తొమ్మిది, తొమ్మిది, తొమ్మిది...
పది అనే అంకె బళ్ళో చెప్పిన రోజు
ఇతను రాలేదని ఎల్లాజీ రొప్పుతూనే అంటాడు.

ఒకటో తారీకున నల్లబల్ల తుడుస్తారు.
ఎవరి కోరిక వాళ్ళే సుద్దతో రాసుకోవాలి.
ఎల్లాజీ: పదహారొందల మీటర్లు, ఆరున్నర నిమిషాలు, కానిస్టేబులు.
షమీమ్: మోకాలు ఆనకుండా పది పుషప్పులు.
ఇడ్లీబండి నూకరత్నం: షుగరు నూట నలభై.
దాలినాయుడు గారు, గూడ్సు గార్డు పని చేసి దిగినాయన:
కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవాలి.
ఆ వరస చదివి నవ్వాను.
నవ్వింది నేనొక్కదాన్నే అని
సుద్ద నా చేతికొచ్చాక తెలిసింది.

నేను బస్సు కండక్టర్ని.
పందొమ్మిదేళ్ళుగా నా నోట్లో నలిగిన మాట
"రాడ్డు పట్టుకోండి."
అందుకే కాబోలు రాశాను:
రాడ్డుకి వేలాడాలి, ముప్పై లెక్కపెట్టేదాకా.

మొదటిరోజు నాలుగు.
నా బరువు అంతవరకు
ఎవరూ నా చేతికివ్వలేదు.
వారానికి తొమ్మిది. అరచేతిలో బొబ్బ పగిలి
చిల్లర తీస్తుంటే రూపాయి బిళ్ళ ఉప్పులా మండేది.
పద్నాలుగు దగ్గర ఆగిపోయాను.
ఆ పదిరోజులూ బల్లకేసి చూడకుండా చెప్పులు విప్పాను.

ముప్పయ్యో తారీకు. గాలి లేదు, ఉక్క.
అందరూ చుట్టూ మూగారు.
సూరిదేముడు ఒకటి అన్నాడు, రెండు అన్నాడు,
పన్నెండు దగ్గర గూడ్సు కూత.
హాలు అదిరింది, రేకులు మోగాయి,
బల్ల మీది సుద్ద పొడిపొడిగా రాలింది.
అందరి నోళ్ళూ ఆడుతున్నాయి, ఒక్క అంకే వినపడదు.
చిటికెన వేలు ముందు దిగిపోయింది,
తర్వాత ఉంగరం వేలు,
బస్సు ఖాళీ అవుతున్నట్టు ఒక్కొక్కటీ.
ఆఖరిది కూడా దిగాక నేను పడ్డాను.

బండి పోయింది, గొడవ మొదలైంది.
ముప్పై మూడని ఎల్లాజీ ఒట్టేశాడు.
ఇరవై ఏడే అన్నాడు సూరిదేముడు.
"తొమ్మిదిని మూడుసార్లు లెక్కెట్టేవోడివి, నీ మాటేటి?"
నూకరత్నం తువ్వాలు దులిపింది.
షమీమ్ ఫోనులో గడియారం నొక్కడమే మర్చిపోయింది.

అప్పుడు మూల కిటికీ దగ్గర్నించి దాలినాయుడు గారు:
"నలభై ఒకటో వ్యాగను కాడ చెయ్యి వదిలేసినావమ్మా.
ఎనకాల ఇంకా పదిహేడు, ఆపైన బ్రేకు వేను."

బండి ఎంత వేగంలో ఉందో ఎవరూ అడగలేదు.
ఆయన నిలబడి ఉన్నారు.
రెండు చేతులూ గాల్లో, పట్టాల వైపు చూపిస్తూ.
మా చూపులకి తడబడి
"ఏటి? ఏటైనాది?" అంటూ మళ్ళీ కూర్చున్నారు.

బల్ల మీద నా పేరు పక్కన
నలభై ఒక్క వ్యాగన్లు అని రాశాను.
ఆయన వరసకి సూరిదేముడు
ఏమీ మాట్లాడకుండా టిక్కు పెట్టాడు.

ఏడున్నరకి డ్యూటీ.
జగదాంబలో ఎక్కిన ముసలమ్మ
చంకలో బుట్టతో, ఒంటిచేత్తో రాడ్డుకి.
తాటిచెట్లపాలెం నించి లోలోపల లెక్కపెట్టబోయి
ఊర్వశి దగ్గర మానేసి నా సీటు చూపించాను.
"రెండు స్టాపులే కదమ్మా" అంది.
బిర్లా జంక్షను దాటింది, ఎన్నేడీ దాటింది,
ఆమె ఇంకా అదే మాట మీద నిలబడి ఉంది.