బాని

కింది గొంతును మేం బాని అంటాం.
కొండ ఊళ్లలో మట్టి మిద్దెనూ అదే అంటాం.
అక్కడ కింది ఇంటి మిద్దే
పై ఇంటివాళ్ల వాకిలి.

టిబిలిసిలో రొట్టెల బట్టీ పక్క నేలమాళిగ మాది.
గోడకు వీపు ఆనిస్తే జనవరిలో కూడా వెచ్చన.
కిటికీకి మాత్రం మందపు దుప్పటి కొట్టాం,
రాళ్లు పడ్డ ఏడాది నుంచీ.
మంగళవారం, శుక్రవారం పాడుకుంటాం.
ఒతార్, ఒతార్ వాళ్లాయన,
ఇంటి దగ్గర ఇంకో పేరున్న ఇద్దరు కుర్రాళ్లు,
చెప్పుల దుకాణం నాతెల, నాతెల మనిషిని నేను,
ఇంకా కొందరు. అందరం కలిసి పదకొండు.

లామారా వచ్చిన రోజు గుర్తుంది.
ఆకుపచ్చ కోటు, తడిసిన బూట్లు.
"ఏ వరసలో నిలబడను?" అంది
నాలుక కొసన, పిట్ట నీళ్లు తాగినంత మెల్లగా.
ఆ గొంతు కుదరడానికి నాలుగేళ్లు పట్టిందట,
టాక్సీవాడు అద్దంలో చూడకుండా
"ఎక్కడికమ్మా" అనడానికి.

ఒతార్ శ్రుతి ఇచ్చాడు.
ఆమె కళ్లు మూసుకుని కిందికి దిగింది,
ఇంకా దిగింది,
చేదతాడు అయిపోయినా దిగింది.
బల్ల మీద గ్లాసులు సన్నగా వణికాయి.
తలొంచుకుని, "క్షమించండి,
ఇదొక్కటీ మా నాన్నది. పారేయలేకపోయాను" అంది.
ఒతార్ ఏమీ అనలేదు.
కుడివైపు చివర ఒక కుర్చీ లాగి వేశాడు.
ఇన్నాళ్లూ పదకొండు మందిమీ
గాల్లో నిలబడి పాడుతున్నామని అప్పుడు తెలిసింది.

మొన్న మార్చిలో వాళ్ల నాన్న పోయాడు.
కఖేతిలో ఆ లోయకంతా ఆయనే బాని.
కబురు మూడు రోజులకు చేరింది,
రావద్దన్న మాటను వెంటబెట్టుకుని.

నలభయ్యో రోజు, భోజనాల వేళ,
మేనత్త ఫోన్ కలిపింది. పలకలేదు.
ఏప్రాన్ జేబులో పడేసుకుంది.
పళ్లేల చప్పుడు. ఎవరో దగ్గారు.
తర్వాత అన్నలిద్దరూ ఎత్తుకున్నారు.
పై గొంతు ఉంది, నడిమి గొంతు ఉంది,
కింద ఎవరూ లేరు.
చీకట్లో లేని మెట్టు మీద కాలేసినట్టు
పాట తూలింది.

లామారా ఫోన్‌ను బల్ల మీద పెట్టింది.
మ్యూట్ నొక్కిందనే అనుకున్నాను.
కోటు విప్పలేదు, కూర్చోలేదు,
ఆ ఒక్క స్వరం పట్టుకుని నిలబడిపోయింది.
ఒతార్ కలిశాడు, నాతెల, నేను.
గోడ అవతల బట్టీవాడు కొక్కెం ఆపాడు.

ఫోన్లో గొంతు అరక్షణం ఆలస్యంగా వెళుతుంది కదా.
ఆ అరక్షణం తర్వాత
పెద్దన్న ఒక మాట తప్పాడు.
గుడ్డ రాసుకున్న చప్పుడు. ఒక ఊపిరి.

మళ్లీ ఎత్తుకున్నాడు,
ఈసారి ఇంకాస్త పైనుంచి,
కాళ్ల కింద మిద్దె ఉన్నవాడిలా.

అయ్యాక ఎవరూ ఏమీ అనలేదు, అక్కడా ఇక్కడా.
జేబులోనే ఫోన్ ఆగిపోయింది.
అప్పుడు కోటు విప్పింది లామారా.
ఆకలేస్తోంది, రొట్టె ఉందా అని అడిగింది.
ఏ గొంతుతో అడిగిందో
మేమెవ్వరం గమనించలేదు.