ముప్పై నలభై ఎండ

బరంపురం పెద్దబజారు వెనక, దేవాంగుల వీధిలో
మాకు ఎండ పదిన్నరకి వచ్చేది.
ముందు దుర్యోధన పాత్రో గారి అరుగు మీద,
తరవాత కుళాయి గట్టు మీద,
పన్నెండుకి మా మెట్ల మీద కాసేపు కూర్చుని
చీర దులుపుకుని పోయేది.
అంత ఎండకే ఆరుగురు ఆడవాళ్ళం.
నీలవేణి వదిన చాపా నా చాపా
ఒకదాని అంచు ఒకటి తొక్కుకునేవి.
"నీ అప్పడాలు నా ఎండ తినేస్తన్నాయే" అనేది,
అంటూనే నావి కూడా తిరగేసేది.

రెండిళ్ళకీ ఒకటే గోడ.
అవతల కామేశం అన్నయ్య మగ్గం కొడితే
ఇవతల అలమరలో గ్లాసులు వణికేవి.
మగ్గం ఆగిందంటే టీకి లేచినట్టు,
వెంటనే మళ్ళీ ఆగిందంటే పోగు తెగినట్టు,
రోజంతా ఆగిందంటే
మనం వెళ్ళి గుమ్మంలో నిలబడాలన్నట్టు.

మా ఆయన సన్యాసిరావుకి ఆ చప్పుడు పడేది కాదు.
కొలత టేపు జేబులో వేసుకు తిరిగేవాడు,
పెళ్ళిళ్ళకి కూడా.
పద్దెనిమిదేళ్ళ చీటీలు, నా గాజులు రెండు,
అంబపువా దాటేక వరి కోసిన మడిలో
సున్నంతో గీసిన ముప్పై నలభై.
"నాలుగు గోడలూ మనవే" అన్నాడు.
లెక్కపెట్టేను. నిజమే. నాలుగు.

మొదటి నెల ఎండని చూస్తే సిగ్గేసింది.
డాబా నిండా ఎండ,
జరగమనేవాళ్ళు లేరు.
వారం రోజుల అప్పడాలు ఒక్క పూటలో ఆరిపోయేయి.
చేతులు ఖాళీ. మధ్యాహ్నం ఒంటిగంట.
ఒంటిగంట ఇంత పొడుగుంటాదని నాకేటి తెలుసు!

పక్క ప్లాటులో పునాది తవ్వేరు.
సిమెంటు దుమ్ము సన్నగా వచ్చి
అప్పడాల మీద పడుకునేది, పిలవని చుట్టంలా.
కొట్లో సాహు ఒకటి విరిచి నమిలి
"పంటికింద ఇసక, మావుసీ" అన్నాడు.
ఆటోకి పోను ఇరవై, రాను ఇరవై,
నా ఇసక నేనే వెనక్కి తెచ్చుకున్నాను.
ఆ రాత్రి గోడకి చెవి ఆనించి చూసేను, పిచ్చిదాన్లా.
కప్పలు అరుస్తున్నాయి, ఎక్కడో మడిలో.
టీకి ఎవరూ లేవలేదు.

ఇంట్లో తోడు లేదు.
పాల సంగతే చెప్తున్నాను.
పేకెట్టు పెరుగు వేస్తే జిగురొచ్చింది,
అందుకని మళ్ళీ ఆటో, మళ్ళీ ఆ వీధి,
మూత బిగించిన గిన్నెలో వదిన పెరుగు ఒళ్ళో పెట్టుకుని రావడం.
గేట్ బజారు కుదుపుకి కొంచెం,
గుంతల రోడ్డుకి కొంచెం,
ఇల్లు చేరేసరికి గిన్నె కంటే నా చీరే ఎక్కువ తోడుకుంది.

పోయిన మంగళవారం వెళ్తే
వీధి పొడుగునా ఎర్ర గీతలు.
రోడ్డు వెడల్పు చేస్తారట.
మగ్గం గదిలో, గుంట మీంచే పోయింది గీత.
"సగం గుంటలో కూర్చుని ఏటి నేస్తాడే మీ అన్నయ్య, సగం చీరా?"
ముందు వదినే నవ్వింది.
తరవాత గీత మీద చెయ్యి పెట్టి, రంగు అంటిందో లేదో చూసుకుని,
"ఎండ మాత్రం బాగా వస్తాదిలే" అంది.

ఇటు మా పక్కన స్లాబు మీద స్లాబు పడింది.
కాపురానికొచ్చినావిడ పేరు మినతి.
ఆవిడకి తెలుగు రాదు.
నా ఒడియా ధరలు అడగడానికి సరిపోద్ది, అంతే.
రెండంతస్తుల నీడ నా డాబా మీద పరుచుకుని
కదలనంటే కదలదు.
మాకిప్పుడు ఎండ పదిన్నరకి వస్తోంది.

నిన్న ఒళ్ళు మండి
కాంపౌండు గోడ మీంచి అరిచేను, తెలుగులోనే,
"నీ ఇల్లు నా ఎండ తినేస్తంది!"
ఆవిడకేం అర్థమయిందో
లోపలికెళ్ళి ఒక ఖాళీ గిన్నె తెచ్చి చాచింది.

తోడే అడుగుతోందో, పంచదారో,
ఇంకా తేలలేదు.
గిన్నె మా ఇంట్లోనే ఉంది.